వెలుగుచుక్కల చేప

మా మ్యూజియం నేలమాళిగలో నాది శిలాజాలు శుభ్రం చేసే పని. సూదితో, కుంచెతో, రేణువు రేణువుగా. ఆ ఒక్క చేప మీదే పదకొండు నెలలు కూర్చున్నాను. ఎండ పొడ సోకని సముద్రపు లోతుల్లో బతికి, కోట్ల ఏళ్ల కిందట జాతి జాతంతా అంతరించి, రాతిలో అచ్చుగా మిగిలిన చేప అది. పొట్ట వెంబడి వరసగా చుక్కలు.

"అవి దీపాలే," అంది అక్కడే పరిశోధన చేసే మా అక్క. "చీకట్లో వెలుగు చూపించి ఎరను దగ్గరికి రప్పించుకునేది. ఇలాంటిది ఇంతవరకూ ఎవరికీ దొరకలేదు. నేను చెప్పేదాకా నోరు విప్పకు. కనిపెట్టింది మనమని ఇద్దరి పేర్లూ వేస్తాను."

తోడబుట్టింది. నమ్మక ఏం చేస్తాను?

చివరికి ఒక మధ్యాహ్నం పై హాల్లో విలేకరుల సమావేశం పెట్టారు. వెళ్లి చూస్తే గోడ మీది బ్యానర్లో అక్క పేరొక్కటే ఉంది. కిందికి పరుగెత్తి అక్కను నిలదీశాను.

"ఇక్కడ అరవకు. కొట్టుగదిలో మాట్లాడుకుందాం పద."

నేను అడుగు పెట్టగానే వెనక తలుపు మూసుకుంది. తాళం పడింది.

"సాయంత్రం దాకా ఓర్చుకో చెల్లీ."

కిటికీ లేని గది. స్విచ్చి బయట. లోపల బల్ల మీద ఆ రాయి... నేను.

కొంతసేపటికి ఉప్పునీటి వాసన మొదలైంది. తర్వాత నీచు. ఎక్కడో నీళ్లు కదిలిన చప్పుడు. మూలన నీలంగా ఒక చుక్క వెలిగింది. పక్కన ఇంకొకటి... ఇంకొకటి...

"చెల్లీ," అక్క గొంతే, గుసగుసగా. "తప్పయిపోయిందే. ఇటు రా."

కాలు కదిలింది. ఆపుకున్నాను. ఆ గొంతును నమ్మి ఇందాకే మోసపోయాను. గోడకు అంటుకుపోయి నోరు నొక్కుకున్నాను.

గొంతు మారింది. వెక్కివెక్కి ఏడుస్తోంది... నా గొంతుతో.

"అక్కా... ఊపిరాడట్లేదు..."

తాళం తిరిగింది.

"ఏడవకే, వచ్చేశా!"

తలుపు సందులోని వెలుతురు మూలదాకా పోలేదు. అక్క నన్ను రాసుకుంటూ ఆ చుక్కల వైపే పరుగెత్తింది. ఒక్క మాట అంటే ఆగేది.

అనలేదు.

చుక్కలన్నీ ఒక్కసారిగా ఆరిపోయాయి.

బయటికొచ్చి స్విచ్చి వేశాను. నేల పొడిగా ఉంది. రాతిలో చేప ఉన్నచోట నున్నటి గుంట. అక్క లేదు.

నడవాలోని ఫోన్ నుంచి ఇంటికి చేశాను.

"అక్కేగా? ఇప్పుడే వచ్చింది," అంది అమ్మ. "లైటైనా వేసుకోకుండా గదిలో కూర్చుంది. మళ్లీ కొట్టుకున్నారా ఏంటే?"

ఇంతలో ఫోన్లో, అమ్మ వెనక నుంచి, ఎవరో పిలిచారు.

"అమ్మా, ఒక్కసారి లోపలికి రావా?"

అది నా గొంతు.



"అదేంటే..." అంది అమ్మ మెల్లగా. "నువ్వెక్కడి నుంచి మాట్లాడుతున్నావు?"