మనె పాఠం

దగ్గరికి జరగండి తల్లీ, చాప మీద చోటుంది. కాళ్ళు ముడుచుకుంటే ఇంకొకరికీ పడుతుంది. చిక్కబళ్ళాపురం ఇంకా జిల్లా కాలేదు, మనమంతా కోలారు కిందే ఉన్నాం, అప్పటి మాట ఇది. పరగోడు అవతల ఒక పల్లెలో పట్టుపురుగులు మేపుకునే మోహన్‌కుమార్ అని ఒకడుండేవాడు. వినండి, అతని ఇంట్లో ఏమైందో.

ఆ పొద్దున కూడా అతను ఎప్పటిలాగే తోటలో మల్బరీ ఆకు కోసుకుని, మోపు నెత్తిన పెట్టుకుని ఇంటికొచ్చాడు. వీధిలో పిల్లలు సంచులు తగిలించుకుని బడికి పోతున్నారు. అతని కూతురు అర్పిత మాత్రం దేవుడి గూటి ముందు కూర్చుని శ్లోకాలు వల్లిస్తోంది. ఆరో తరగతిలో ఉండాల్సిన పిల్ల. దసరా సెలవుల తర్వాత బడి గడప తొక్కలేదు. తప్పులు దిద్దుతూ పక్కన తల్లి సహన కూర్చుంది. పీయూసీ దాకా చదివిన మనిషి. పాఠం చెప్పడం చేతకాక కాదు, బాగానే చెప్పేది. మోహన్‌కుమార్‌కు అదే ఇంకా కడుపుమంట.

"ఈ పొద్దు లెక్కలు లేవా?" అన్నాడు మోపు దించుతూ.

"ఉండాయి. శ్లోకాలైనాక," అంది సహన తలెత్తకుండా.

"శ్లోకాలైనాక భజన జీపు వస్తాది. జీపు వస్తే లెక్కలు యాడికి పోతాయో నాకు తెలుసులే."

సహన తర్వాతి శ్లోకం అందించింది. అతను అంతకుమించి గట్టిగా అనలేడు. అనడానికి నోరు లేకుండా చేసుకున్నది తనే మరి.

ఎట్లాగంటారా? దసరాకు ముందు బాగేపల్లి నుంచి నరసింహయ్య అనే పెద్దమనిషి వచ్చి వీళ్ళింట్లో భజన పెట్టించాడు. ఇంట్లో తెలుగు మాట్లాడేవాడే, కానీ నలుగురు కూడితే కన్నడంలోకి దిగుతాడు. భజన అయ్యాక అందరి ముందూ, ఇకమీదట పిల్లకు 'మనె పాఠ' చేయిద్దాం, తండ్రి ఒప్పుకోవాలి అన్నాడు. మనె అంటే ఇల్లే, కానీ మనె పాఠ అంటే మన వైపు ఏమిటి? బడి విడిచాక సాయంత్రం అయ్యవారింటికి పోయి చెప్పించుకునే ట్యూషన్. పిల్ల లెక్కల్లో వెనకబడింది కదా, మంచిదే అనుకుని మోహన్‌కుమార్ సంబరంగా తలూపాడు. ఊపి ఊరుకున్నాడా, తమలపాకులూ వక్కా పళ్ళెంలో పెట్టి తన చేత్తోనే తాంబూలం కూడా ఇచ్చాడు. సెలవులయ్యాక పిల్ల బడికి కదలకపోతే అప్పుడు తెలిసింది, వాళ్ళు అడిగింది బడి మానిపించి ఇంట్లోనే చెప్పే చదువని.

టీ అంగడిలో చెప్పుకుంటే నవ్వారు. కర్ణాటకలో పుట్టి కన్నడం అర్థం కాలేదా అని ఒకడు, ఇంకో తాంబూలం పెట్టి కూతుర్ని వెనక్కి అడుక్కో అని ఇంకొకడు. తండ్రి చెన్నరాయప్ప దగ్గర మొరపెట్టుకుంటే ఆ ముసలాయన తాపీగా, "తాంబూలమిచ్చి మాట తప్పినోళ్ళు మన వంశంలో లేరప్పా," అని గొంగళి కప్పుకుని పడుకున్నాడు.

అంతలో తాలూకు పంచాయతీ ఎన్నికలొచ్చాయి. నరసింహయ్య నిలబడ్డాడు. భజనల జీపే ఓట్ల జీపయింది. మైకు అదే, పాటలవే, చివర్లో గుర్తు మాత్రం కొత్తగా చేరింది. మోహన్‌కుమార్ దేవుణ్ణి నమ్మనివాడేం కాదు, శనివారం ఒక్కపొద్దు ఉండేవాడు. దేవుడి పాట పాడి ఓటడగడం దేవుడికీ మర్యాద కాదు, ఓటుకీ మర్యాద కాదని అతని వాదన. రోజూ సహనతో వాదించేవాడు. గోడకు చెప్పినట్టుండేది.

ఆ మధ్యాహ్నం పురుగుల తట్టల్లో చల్లే సున్నం కోసం బాగేపల్లి పోతే, బస్టాండు ముందు జీపు మీద అర్పిత కనబడింది. కావిరంగు శాలువా కప్పుకుని పాడుతోంది. ఎంత బాగా పాడిందంటే తండ్రి గుండె కాసేపు పొంగింది కూడా. పాట ముగిసింది. ఈ బిడ్డ బడి మొహం చూడకుండానే ఇంత నేర్చిందని నరసింహయ్య మైకులో చెప్పాడు. జనం చప్పట్లు కొట్టారు. బళ్ళో అక్షరాలు దిద్దిన పిల్ల! అబద్ధమని అరుద్దామనుకున్నాడు. అరిస్తే జనం తిరిగి చూసేది ఆయన్ను కాదు, పిల్లను. సున్నం సంచి చంకన పెట్టుకుని అట్లే నిలబడ్డాడు. జీపు వెళ్ళిపోయింది.

పొద్దు వాలే వేళకు ఇల్లు చేరాడు. అర్పిత అప్పటికే వచ్చి ఉంది.

"రేపు బడికి నేనే పిలుచుకుపోతా. తాంబూలం తప్పితే తప్పినానని ఊరంతా చెప్పుకోనీ."

"పిలుచుకుపోండి. ముందు దాన్ని అడగండి," అంది సహన.

"నేను పోను నాయనా."

"ఎవురు నేర్పించినారే ఈ మాట? ఆ నరసింహయ్యా, మీయమ్మా?"

అప్పుడు సహన చెప్పింది, గొంతు పెంచకుండా. బళ్ళో ఆడపిల్లలకు మరుగుదొడ్డి లేదు. గోడ వెనక కంపచెట్ల చాటుకు పోతే మగపిల్లలు రాళ్ళేస్తారు. అందుకని ఈ పిల్ల ఇల్లు కదిలింది మొదలు మళ్ళీ ఇల్లు చేరేదాకా గుక్కెడు నీళ్ళు తాగేది కాదు. శ్రావణంలో జ్వరమొచ్చి, ఒంటికి పోతే మంటని ఏడ్చింది. తల్లే డాక్టరుకు చూపించింది. పెద్దయ్యవారిని అడిగితే అర్జీ పెట్టమన్నాడు. పంచాయతీలో దుడ్డు రాలేదన్నారు.

"నాకు చెప్పలేదే," అన్నాడు మోహన్‌కుమార్.

"చెప్పినా. జ్వరం తగ్గలేదు, వచ్చి చూడండి అన్నా. జ్వరంలో ఉన్నప్పుడు కదిలించగూడదు, ఆకు వేయొద్దు అన్నారు. నేను పిల్లకని అంటే మీరు పురుగులకనుకున్నారు."

పట్టుపురుగు పొర విడిచే ముందు మేత మాని కదలకుండా ఉంటుంది కదా, దాన్ని మన వాళ్ళు జ్వరమనే అంటారు. ఆ రోజు సంగతి అతనికి జ్ఞాపకమొచ్చింది. తను తట్టల మీద వంగి ఉన్నాడు. వెనక వాకిట్లో ఆమె నిలబడి ఉంది. తను తిరిగి చూడలేదు.

"నా మాట కూర్చొని విన్నది ఆ నరసింహయ్య ఒక్కడే," అంది సహన. "ఆయనకు కావాల్సింది ఓటని నాకు తెలీదా? అయినా విన్నాడు."

మోహన్‌కుమార్ గడప మీద కూర్చున్నాడు. ఇన్నాళ్ళూ దేవుడి మీదా ఓట్ల మీదా అరిచాడే గానీ, ఎందుకని ఒక్కమారైనా అడగలేదు. అర్పిత వచ్చి పక్కన కూర్చుంది.

"నాకు బడంటే ఇష్టమే నాయనా. నువ్వు రమ్మంటే వస్తా. ఆడ నీళ్ళు తాగొచ్చునా?"

అతను పిల్ల తల ఒళ్ళోకి తీసుకుని ఏడ్చాడు. సహన కూడా వచ్చి, దసరా తర్వాత మొదటిసారి, అతని భుజానికి ఆనుకుని కూర్చుంది.

మర్నాడు జీపు వచ్చి హారన్ కొడితే, పిల్ల రాదని సహనే బయటికొచ్చి చెప్పింది. మొగుడూ పెళ్ళాం కలిసి బడికి పోయి మరుగుదొడ్డి కట్టించమన్నారు. ఎన్నికల రూలు ఉంది, అవయ్యేదాకా ఒక్క రాయి పెట్టినా తప్పేనన్నాడు పెద్దయ్యవారు. రేపు మళ్ళీ వస్తామని చెప్పి ఇంటిదారి పట్టారు. దారిపొడుగునా ఆమె చెబుతుంటే అతను వింటూ నడిచాడు.

ఇంతే తల్లీ కథ. మీ పిల్లలకు చెప్పేటప్పుడు తాంబూలం దగ్గర నవ్వించండి, తప్పులేదు. ఆ బిడ్డ నీళ్ళ గురించి అడిగిన మాట మాత్రం ఆ నవ్వులో జారిపోనీకండి. దాన్ని అడిగింది అడిగినట్టే చెప్పండి.