స్కానింగు గదిలో రెండో గుండె

ఆ ఆసుపత్రిలో రాత్రిపూట మార్చురీ దాకా ఒంటరిగా పోయొచ్చే వాళ్ళు కూడా, నేలమాళిగలోని స్కానింగు గది పేరెత్తితే మాట మార్చేసేవాళ్ళు.

ఆ గదిలో ఇంకెవరిదో గుండె ఉందని పుకారు. మనిషిని బల్ల మీద పడుకోబెట్టి ఛాతీకి తీగలు అంటిస్తే, గుండె మామూలుగానే కొట్టుకునేది. బల్ల మిషను సొరంగంలోకి జరిగిందా... లెక్క రెట్టింపు! బయటికి లాగితే మళ్ళీ మామూలే. గుండె స్కాన్లు పగలు పెద్ద డాక్టరే దగ్గరుండి తీయించేవాడు గనక, ఈ భయమంతా రాత్రి వాళ్ళది. ముగ్గురు ఆపరేటర్లు స్కాను సగంలో ఆపేసి, మళ్ళీ ఆ మెట్లు దిగలేదు.

నాలుగోది ఈ అమ్మాయి. ఇంటికి పోతే తలుపు తీసే దిక్కు లేదు. తల్లి పోయాక అన్నం కూడా నిలబడే తినేది. అందుకే రాత్రి డ్యూటీ అడిగి మరీ వేయించుకుంది.

"రెండు గుండెలుంటే మంచిదేగా మామా, ఒకటి ఆగినా ఇంకోటి ఉంటుంది," అందట వాచ్‌మన్‌తో.

"నీ ధైర్యం తగలెయ్య!" అన్నాడతను.

ఆ రాత్రి ఒక టైలరు తాతను కిందికి దించారు. వెంట ఎవరూ లేరు. ఒప్పుకోలు కాగితం మీద సంతకం కూడా తనే పెట్టుకున్నాడు. తెల్లారితే ఆపరేషన్. గుండెలో ఏ పక్కకి రక్తం అందుతోందో, ఏ పక్కకి అందడం లేదో బొమ్మ చూస్తే తప్ప కత్తి పట్టనన్నాడు పెద్ద డాక్టరు. ఇంకో రోజు ఆగే గుండె కాదది.

ఇంటికి పోతూ ఆయన మరీ మరీ చెప్పాడు. "బొమ్మ కోసం ఊపిరి బిగబట్టిస్తావు చూడు... పదిహేను సెకన్లు. అంతకు మించితే ఆ గుండె తట్టుకోదు."

ఆమె తాత ఛాతీకి తీగలంటించింది. ఊపిరి తెలియడానికి పొట్టకి పట్టీ చుట్టింది. వేలికి నాడి చూసే క్లిప్పు పెడుతుంటే, ఆ వేళ్ళ నిండా సూది గుచ్చుకున్న మచ్చలు.

"ఇది నయమే తల్లీ, గుచ్చడం లేదు," అని నవ్వాడు తాత.

"నేను చెప్పినప్పుడే ఊపిరి తీసుకోవాలి తాతా. మధ్యలో తీశావో, బొమ్మ చెడిపోతుంది."

"నువ్వు చెప్పేదాకా చచ్చినా తియ్యను."

చెవులకి హెడ్‌ఫోన్ పెట్టి, తలుపు మూసి, అద్దానికి ఇవతల కూచుంది. తెర మీద డెబ్బై రెండు. బల్ల లోపలికి జరిగింది. ఆమె మైకు మీట నొక్కింది.

"ఊపిరి పీల్చండి... వదలండి... బిగబట్టండి."

మిషను గడగడలాడింది.

తెర మీద... నూట నలభై నాలుగు!

ఒక్కో గుండె దెబ్బ వెనకే ఇంకో దెబ్బ. ఎవరో అడుగులో అడుగేసుకుంటూ వెంట వస్తున్నట్టు...

ఆమె చెయ్యి బల్లని లాగే మీట మీదికి పోయి ఆగింది. బల్ల లాగేస్తే బొమ్మ లేదు. బొమ్మ లేకపోతే ఆపరేషన్ లేదు. లాగకపోతే — ఈ ముసలి ప్రాణం? నేలమాళిగలో సెల్లు అందదు. వరండా చివర గోడకి ఫోనుంది. పరిగెత్తి పెద్ద డాక్టరుకి చేసింది.

"సార్... రెండో గుండె సార్..." అంది రొప్పుతూ.

డాక్టరు ఆవులించాడు. "ఛాతీ తీగల్లోనేగా? రక్తం ఉప్పునీళ్ళలాంటిది అమ్మాయ్. ఆ మిషనంతా పెద్ద అయస్కాంతమే, దాని మధ్య ఉరికితే రక్తం తనే కాస్త కరెంటు పుట్టిస్తుంది. మిషను దాన్ని కూడా గుండె దెబ్బ కింద లెక్కేస్తుంది. తీగల్ని వదిలేసి వేలి క్లిప్పు చూసుకో. దాంట్లో ఒకటే ఉంటుంది."

"అయితే దెయ్యం కాదా సార్?"

"దెయ్యమే. నిద్రపోయే వాణ్ణి ఫోను చేసి లేపే దెయ్యం!"

ఆమెకి ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి.

"అది సరే, ముసలాయన ఊపిరి తీస్తున్నాడా?"

రిసీవరు చేతిలోంచి జారిపోయింది.

బిగబట్టమని చెప్పింది. తీసుకోమని చెప్పలేదు!

ఆ వరండా ఎంత పొడుగో ఆమెకి అప్పుడే తెలిసింది. గదిలోకి వచ్చి పడింది. అద్దం అవతల తాత పాదాలు కదలడం లేదు...

తెర చూసింది. వేలి గీత — డెబ్బై రెండు. ఒకటే గుండె. దాని కింద పొట్ట పట్టీ గీత... లేస్తోంది, దిగుతోంది. ఉయ్యాల ఊగినంత నెమ్మదిగా.

ఆమె కుర్చీలో కూలబడింది. ఆ తర్వాత వేలి గీత మీంచి చూపు తిప్పకుండా, ఒక్క బొమ్మ పోకుండా స్కాను ముగించింది.

బల్ల బయటికి లాగి, తాత చెవుల మీంచి హెడ్‌ఫోన్ తీసింది.

"భయమేసిందా తాతా? మధ్యలో నేను..."

"ఎందుకు భయం? ఒకసారి మటుకు ఉక్కిరిబిక్కిరైపోయాననుకో. కళ్ళు బైర్లు కమ్మాయి. ఇక నా పని అయిపోయిందనుకున్నా. అంతలో చెప్పావుగా, 'ఊపిరి తీసుకో నాయనా' అని. ఎంత చల్లగా చెప్పావమ్మా! పక్కనే కూచున్నట్టు..."

ఆమె ఎవరినీ నాయనా అనదు. మీట నొక్కకపోతే మైకులోంచి చీమ చిటుక్కుమన్నా లోపలికి పోదు.

తాత ఆమె మొహంలోకి చూస్తున్నాడు.

"అవును తాతా," అంది. "నేనే."

తాత ఆపరేషన్ గట్టెక్కిందని వాచ్‌మన్ మామ కబురు తెచ్చేసరికి బారెడు పొద్దెక్కింది. డ్యూటీ ఎప్పుడో అయిపోయింది. ఆమె మాత్రం ఇంకా ఆ గదిలోనే, ఖాళీ బల్ల అంచున కూచుని ఉందట... చెవులకి ఆ హెడ్‌ఫోన్ పెట్టుకుని.