మోదుగ చెట్టు పచ్చదనం దొంగ

కుంతివరం రాజ్యానికి రాజు ఉన్నాడు, కోట ఉంది, లేనిదల్లా యువరాజే. మూడేళ్ల క్రితం ఒక రాక్షసుడు యువరాజు జయకేతుణ్ణి మోదుగ చెట్టుగా మార్చి, "ఇది పూసిననాడు మళ్లీ మనిషవుతాడు" అని చెప్పి పోయాడు. ఏటా శిశిరంలో ఆ చెట్టు ఆకులు పసుపుబారితే రాజుగారి గుండె జారిపోయేది. ఆకులన్నీ రాలితే కొడుకు పోయినట్టేనని ఆయన భయం. అందుకని విస్తళ్లు కుట్టే పెంటయ్యను పిలిచి, రాలబోయే ఆకుల్ని చీపురుపుల్లలతో కొమ్మలకే కుట్టించేవాడు. చెట్టు మాత్రం ఒక్క పువ్వూ పూయలేదు.

"పచ్చదనాన్ని ఎవడో దొంగిలిస్తున్నాడు. మాఘ పున్నమిలోగా వాణ్ణి పట్టి తేకపోతే, ఆకులతో పాటు నీ తలా రాలుతుంది," అన్నాడు ఈసారి రాజు పెంటయ్యతో.

దొంగను వెతుకుతూ పెంటయ్య కూతురు నాంచారి అడివికి బయలుదేరింది.

"ఏ రాజ్యమెళ్లినా మోదుగకు మూడే ఆకులమ్మా. అడివిలో మాత్రం ఏముంటది?" అన్నాడు పెంటయ్య. అయినా సద్దిమూట కట్టి ఇచ్చాడు. తలకాయ తనదే కదా.

వాగు దగ్గర ఒక రాక్షసి అడ్డం నిలిచింది. "పచ్చ పోతే మిగిలేదేంటో చెప్పి దాటు."

"పచ్చే," అంది నాంచారి. "ఆకుపచ్చ పోతే పసుపుపచ్చ. అది మొదట్నుంచీ ఆకులో ఉంటది. ఆకుపచ్చ కప్పేస్తది గనక కనపడదు."

రాక్షసి మొహం మాడ్చుకుని దారి ఇచ్చింది.

కొండ మొదట్లో కొండచిలువ అడిగింది: "తెంపిన ఆకుకూ రాలిన ఆకుకూ తేడా ఏంటి?"

"తెంపితే తొడిమ దగ్గర ఎర్ర బంక కారతది. రాలితే కారదు. చెట్టు ముందే అక్కడ తలుపేసుకుంటది," అని చెప్పిన నాంచారికి, తండ్రి పుల్లలు గుచ్చిన చోటల్లా కారిన బంక గుర్తొచ్చింది. కొండచిలువ పక్కకు తప్పుకుంది.

కొండ మీది గుహలో శాపం పెట్టిన రాక్షసుడే ఉన్నాడు. దొంగ ఎవరని అడిగితే నవ్వి, ఆమె కళ్లకు కాటుక పెట్టి చేతికి ఒక పండుటాకు ఇచ్చాడు. ఆకు లోపల జరిగినదంతా నాంచారికి కనిపించింది. చెట్టే ఆకుపచ్చను విడదీసి, అందులోని సారాన్ని ఈనెల దారిన కొమ్మలోకి లాక్కుంటోంది. ఇల్లు మారేవాళ్లు గిన్నెలు సర్దుకున్నట్టుంది ఆ పని. అంతా తీసుకున్నాక తొడిమ దగ్గర తలుపు మూసి ఆకును వదిలేసింది.

"తన సొమ్ము తాను తీసుకుంటే దొంగతనమేంటి?" అంది నాంచారి.

"పూతకు దాచుకున్న సారమది. మీ పుల్లల గాయాల్లోంచి కారిపోతోంది," అన్నాడు రాక్షసుడు. "నా శాపం ఒక్క ఏటిది. తక్కిన రెండేళ్లూ మీ రాజుగారి చలవ."

పున్నమి పొద్దున నాంచారి సభలో నిలబడింది. "దొంగ లేడు మారాజా. పుల్లలు పీకించండి."

"పూయకపోతే?"

"నాయన తలతో పాటు నాదీ తీసుకోండి."

పెంటయ్య పుల్లలన్నీ పీకాడు. ఆకులన్నీ రాలాయి. బోడిచెట్టు కింద రాజు పదిహేను రోజులు కూర్చున్నాడు. పదహారోనాడు చెట్టంతా ఎర్రగా పూసింది, మానులోంచి జయకేతుడు నడిచివచ్చాడు.

ఆ వేసవిలోనే అతనికీ నాంచారికీ పెళ్లయింది. పెళ్లి విస్తళ్లన్నీ పెంటయ్యే కుట్టాడు. రాజుగారి పక్కన కూర్చున్న జయకేతుడి చేతులనిండా సన్నటి పోట్ల మచ్చలున్నాయి. ఆయన వాటిని చూసి, తన విస్తరిలోని చీపురుపుల్లలను చూసి, చాలాసేపు అన్నం కలపలేకపోయారు.