విశ్వేశ్వర్‌కు బీపీ ఎందుకు పెరిగింది

బోణీ కాకముందు దుకాణంలో సూది బయటికి తీసిన మనిషిని విశ్వేశ్వర్ తన ముప్పై ఒక్క ఏళ్లలో చూడలేదు.

లాల్‌దర్వాజా గల్లీలో అతనిది లేసులు, గుండీలు, దారాల దుకాణం. సూదులూ అమ్ముతాడు కానీ, పొద్దున తొలి బేరం సూదితో చెయ్యడు. తాత నాటి కట్టుబాటది. ఆ రోజు షట్టర్ ఎత్తి అగరుబత్తి వెలిగించాడో లేదో, బస్తీ దవాఖాన నుంచి వచ్చిన పిల్ల సంచి దించి, సూది తీసి నిలబడింది.

"సేఠ్, ముప్పై దాటినయా? ఓ వేలియ్యండి, షుగర్ చూస్త."

"ఏంది మేడమ్ గిది! బోణీ గాలే, రక్తం తీస్తరా?"

"ఒక్క చుక్కనే. మీ అంగి గుండీ అంత గూడ ఉండదు."

"చుక్కైనా రక్తం రక్తమే. మజ్జాన్నం రాండ్రి."

"మజ్జాన్నం వస్తే గిరాకీ ఉందంటరు. సాయంత్రం వస్తే అలిసిపోయినమంటరు. ఈ గల్లీల అందరిదీ ఒకటే పాట." ఆమె గోడకున్న లేసు చుట్టల వైపు చూసింది. "బోణీ అయితే చూపిచ్చుకుంటరా? ఆ పచ్చ లేసు రెండు మీటర్లు కొయ్యండి."

విశ్వేశ్వర్ కత్తెర తీశాడు. లేసు కోసి, వేలు ఇచ్చాడు. షుగర్ బాగానే ఉంది. పేరు అడిగితే స్రవ్య అని చెప్పి పక్క దుకాణానికి వెళ్లిపోయింది.

ఆ మధ్యాహ్నమే కిషన్‌బాగ్ నుంచి దర్జీలు గుంపుగా వచ్చి, ఏడాదిగా కదలని లేసు చుట్టలన్నీ ఎత్తుకుపోయారు. విశ్వేశ్వర్ తల్లి నాగమణమ్మ వెంటనే తీర్పు చెప్పేసింది.

"గా పిల్ల చెయ్యి మంచిదిరా. దినాం గామెతోనే బోణీ చేపియ్యి."

మర్నాడు ఆ మాట విని స్రవ్య నవ్వింది. రోజూ దవాఖానకు పోతూ ఓ గుండీయో, దారపు ఉండో కొనడానికి ఒప్పుకుంది. "కానీ అమ్మా, మీరొక్కసారి బీపీ చూపిచ్చుకోవాలె."

"గదొక్కటి అడగకు బిడ్డా. ఆ పరీక్షలను నేను నమ్మ."

నమ్మకపోవడానికి ఆమెకు కారణం ఉంది. రెండేళ్ల కింద ఎవరో పెట్టిన ఫ్రీ క్యాంపులో, కిడ్నీ ఖరాబైందని రిపోర్టు ఇచ్చారు. నెల రోజులు ఆమెకు తిండి సయించలేదు. తీరా చూస్తే ఆ రిపోర్టు ఇంకెవరిదో. "సారీ" అని ఒక్క ముక్క చెప్పి పంపేశారు. అప్పటి నుంచి పొద్దున్నే తలనొప్పి వచ్చినా శొంఠి పట్టు వేసి గుడ్డ బిగిస్తుంది తప్ప దవాఖాన మెట్టు ఎక్కదు. ఆమె అక్క కూడా అలాగే తలకు గుడ్డ కట్టుకుని, ఒకనాడు పక్షవాతంతో పడిపోయింది. ఆ సంగతి విశ్వేశ్వర్ మరిచిపోలేదు. అమ్మ తల పట్టుకున్నప్పుడల్లా అతనికి పెద్దమ్మే గుర్తొచ్చేది.

"అమ్మా, ముందుగాల నాది చూడమను. నీకు ధైర్యమొస్తది" అంటూ చెయ్యి చాపాడు.

బయట వాన మొదలైంది. జల్లు పడకుండా స్రవ్య గల్లా దగ్గరికి జరిగి, అతని జబ్బకు పట్టీ చుట్టి, వంగి అంకెలు చూసింది. నూట నలభై ఎనిమిది. కాసేపాగి మళ్లీ చూసింది. నూట యాభై.

"చాయ్ తాగిన్రా?"

"లే."

"కోపంల ఉన్నరా?"

"లే లే!"

"ఒక్కనాటికే రోగమని అనం. రేపు మళ్ల చూద్దాం."

మరో నాలుగు రోజులు చూసింది. ఒక్క రోజూ నూట నలభై అయిదుకు తగ్గలేదు. ఐదో రోజు డాక్టర్‌కు చీటీ రాసిచ్చింది.

భయపడిన విశ్వేశ్వర్, ఆమె గల్లీల్లో తిరిగే వేళ చూసి దవాఖానకు వెళ్లాడు. అక్కడ నర్సు వెస్లీ చూస్తే నూట పద్దెనిమిది. వెస్లీ మిషన్ మార్చి చూశాడు. అంతే వచ్చింది.

"భాయ్, మా స్రవ్య చూసినప్పుడే పెరుగుతుందా?"

విశ్వేశ్వర్ పైన తిరిగే ఫ్యాను చూశాడు. వెస్లీకి నవ్వు ఆగలేదు. "దీనికి మా దగ్గర గోలీ లేదు భాయ్!"

ఆ సంతోషంలో విశ్వేశ్వర్ ఇంటికెళ్లి, వెస్లీ చూస్తే నార్మల్ వచ్చిందని తల్లికి చెప్పేశాడు. ఎందుకో మాత్రం చెప్పలేదు. అక్కడే కొంప ముంచాడు.

మర్నాడు స్రవ్య వెస్లీతో కలిసి దుకాణానికి వచ్చేసరికి నాగమణమ్మ గల్లా ముందే కూర్చుని ఉంది.

"నువ్వేమో నూట యాభై, గీ పిలగాడేమో నూట పద్దెనిమిది! గప్పుడు నన్ను గిట్లనే ఆగం జేసిన్రు. ఇగ చాలు. బోణీకి గూడ రాకు బిడ్డా."

స్రవ్య మొహం చిన్నబోయింది. అయినా మాట దాటవేయలేదు. "మిషిన్ ఎన్నడూ తప్పదని నేననను అమ్మా. అందుకే తిరిగి తిరిగి చూస్తం. కానీ ఈ తేడా ఎందుకొచ్చిందో నాకు సమజైతలేదు" అని సంచి భుజాన వేసుకుంది.

విశ్వేశ్వర్‌కు సమజైంది. నోరు విప్పితే సాయంత్రానికి గల్లీ అంతా పాకుతుంది. విప్పకపోతే అమ్మ ఇక ఈ జన్మకు చెయ్యి చాపదు. అమ్మ తలకు బిగించిన గుడ్డ చూశాడు, సిగ్గు వదిలేశాడు.

"రెండూ నిజమే అమ్మా. మిషిన్ అబద్ధం చెప్పలే. వెస్లీ భాయ్ పట్టుకుంటే నాకేం గాదు. ఈమె పట్టుకుంటేనే పెరుగుతది." తల ఎత్తి స్రవ్య వైపు చూశాడు. "నాకు స్రవ్య అంటే ఇష్టం."

ఎదురు దుకాణంలో దర్జీ కుట్టు ఆపేశాడు. స్రవ్య భుజాన ఉన్న సంచి జారి కింద పడింది. నాగమణమ్మ కొడుకును ఎగాదిగా చూసింది. తర్వాత గాజులు పైకి తోసి చెయ్యి వెస్లీ ముందు చాపింది.

"నువ్వు చూడు బిడ్డా. నాకైతే నీ మీద గసొంటిదేం లేదు."

నూట డెబ్భై ఎనిమిది. ఐదు నిమిషాలాగి చూస్తే నూట డెబ్భై నాలుగు. అప్పటిదాకా నవ్విన వెస్లీ నవ్వలేదు.

స్రవ్య నాగమణమ్మ పక్కన కూర్చుంది. "ఇది రేపటిదాంక ఆగేది గాదమ్మా. ఇయ్యాలనే డాక్టరమ్మ తాన్కి పోదాం. నేను వెంటుంట. రిపోర్టు మీద మీ పేరు రెండుసార్లు చదివినంకనే మీ చేతికిస్త."

"గోలీ మొదలువెడితే జన్మంత మింగాల్నంట గదా?"

"మింగాల్సి రావొచ్చు. రాదని అబద్ధం చెప్పలేను."

"గిట్ల ఉన్నదున్నట్టు చెప్పినోళ్లు నాకు గప్పుడు దొరకలే." నాగమణమ్మ లేచి చెప్పులేసుకుంది. గడప దగ్గర ఆగి వెనక్కి తిరిగింది. "వెస్లీ బిడ్డా, ఈ పిల్లది గూడ జర చూడు. మావోణ్ణి పక్కన నిలబెట్టి."

గల్లీ గల్లీ తిరిగి, భయపడేవాళ్లను బుజ్జగించి, వందల మంది చేతులు పట్టిన స్రవ్య తన చేతులు రెండూ వెనక దాచుకుంది.

"నాది వద్దమ్మా."

"ఏం? నీకు గూడ నమ్మకం లేదా?"

స్రవ్య తల దించుకుంది. "ఉన్నది. పెరుగుతదనే వద్దంటున్న."