సుమారు ధర

బ్యాగులో మూడు జతల బట్టలు సర్ది, జిప్పు సగం లాగి, చెల్లి మళ్ళీ తెరిచింది. సబ్బుపెట్టె మరిచిపోయింది.

"పది రోజులే కదక్కా, ఆ మొహం మార్చు," అంది.

"నా మొహానికేం? పుట్టినప్పటి నుంచీ ఇంతే," అంది అక్క, మంచం అంచున కూర్చుని మేజోళ్ళు జత కలుపుతూ. అవన్నీ ఎప్పుడో జతపడిపోయాయి. విడదీసి మళ్ళీ కలుపుతోంది.

ఆ అద్దె గదిలో వాళ్ళిద్దరే. అక్క కింద వీధిలోని కళ్ళజోళ్ళ షాపులో అద్దాలు బిగిస్తుంది. చెల్లి పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో కూర్చుంటుంది. ఇద్దరికీ ఒకటే టీ గిన్నె, ఒకటే గొడుగు. చెల్లి గడప దాటితే, మళ్ళీ మెట్ల మీద ఆ చెప్పుల చప్పుడు వినేదాకా అక్కకి కాలూ చెయ్యీ ఆడదు.

అంతా మొదలైంది ఆ బ్యాగుతోనే.

నీలం రంగు గుడ్డ బ్యాగు. వేరే దేశంలో ఒక అబ్బాయీ వాళ్ళమ్మా కలిసి కుట్టి, సొంత వెబ్‌సైట్‌లో అమ్ముతారు. చూసేవాళ్ళు ఏ దేశంలో ఉంటే ఆ దేశం డబ్బులోకి ధర మారి కనిపిస్తుంది. చెల్లికి కనిపించింది ఒక ధర. కార్డులోంచి పోయింది అంతకంటే ఎక్కువ.

"ఊరుకుంటావేంటే? ఫోన్ చేసి కడిగి పారెయ్," అని ఎగదోసింది అక్కే.

చెల్లి ఫోన్ స్పీకర్లో పెట్టి ఇంగ్లీషులో కడిగి పారేసింది. అక్కవైపు తిరిగి, "పలకడేంటే? పక్కా దొంగలా ఉన్నాడు," అంది.

"దొంగని కాదండీ, కాస్త బద్ధకస్తుణ్ణి," అంది ఫోను, శుభ్రమైన తెలుగులో.

చెల్లి నాలుక కరుచుకుంది.

"మీకు కనిపించేది సుమారు ధరండీ. అర్థం కావడానికి మీ డబ్బులోకి మార్చి చూపిస్తాం. తీసుకునేది మాత్రం మా డబ్బులోనే. మధ్యలో మీ బ్యాంకు తన రేటు తను వేసుకుంటుంది. పైగా నేను నెల రోజులుగా సైట్లో రేటు మార్చలేదు."

"సుమారు అని ఎక్కడ రాశారు మరి?"

"పేజీ అడుగున ఉందండీ."

"అది కనపడాలంటే చీమలకి కళ్ళజోడు పెట్టాలి!"

"పెడతా, తీసుకురమ్మను," అంది అక్క పక్కనుంచి.

అటువైపు ఒక పెద్దావిడ గొంతు వినిపించింది. "ఎవర్రా, అంత ముద్దుగా తిడుతోంది?"

మర్నాటికి ధర పక్కనే పెద్ద అక్షరాలతో 'సుమారు' అని వచ్చింది. కిందే అసలు ధర, వాళ్ళ డబ్బులో. "చూశారా?" అని అతనే ఫోన్ చేశాడు. ఆ తర్వాత చెయ్యడానికి కారణాలు వాటంతటవే దొరికాయి. అక్క అతనికి పేరు కూడా పెట్టేసింది.

"నీ సుమారు ఫోనే, ఎత్తు."

"అక్కా! వింటాడే!"

"విన్నానండీ, అక్కగారూ."

ఒక వేసవి సాయంత్రం కిటికీ బయట అకాల వాన దంచుతోంది. చెల్లి అద్దం మీద వేలితో గీతలు గీస్తూ ఫోన్లో ఉంది. స్పీకర్ ఆపడం మరిచిపోయింది.

"మీరంటే నాకు ఇష్టమండీ," అన్నాడతను.

వంట మూలన అక్క, ఆ మాటలు వినిపించకుండా కుళాయి తిప్పింది. వినాలనిపించి కట్టేసింది.

"సుమారుగానా?" అంది చెల్లి.

"కాదు. ఇందులో మార్చి చూపించేదేం లేదు. ఒకసారి రండి. నచ్చకపోతే పది రోజుల్లో రిటర్న్. మా సైట్లో రూలే అది."

అలా పుట్టింది ఈ పది రోజుల ప్రయాణం.

నిన్న అక్క వాన కబురు చూద్దామని చెల్లి లాప్‌టాప్ తెరిచింది. బ్యాగుల పేజీ కనిపించింది. ధరల అంకెలు వేరుగా ఉన్నాయి. సైటు తనంతట తాను తమ డబ్బునే చూపిస్తుంది. పైన మూలనున్న బటన్ నొక్కి చెల్లి దాన్ని అతని దేశం డబ్బుకి మార్చుకుంది. పక్క పేజీల్లో ఆ ఊరి గది అద్దె, పాల ధర, బస్సు చార్జీ. అన్నీ ఆ డబ్బులోనే.

చూసి వచ్చేవాళ్ళు ప్రతి ధరనీ తమ డబ్బులోకి మార్చుకుంటారు. ఉండిపోయేవాళ్ళకే ఆ పని ఉండదు. అక్క లాప్‌టాప్ మెల్లిగా మూసేసింది. తను 'వద్దు' అని ఒక్క మాటంటే చెల్లి ఆగిపోతుంది. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఇప్పుడు ఆ మాట నాలుక చివర ఉంది.

"ఒసేయ్."

"ఊఁ?"

"అక్కడ చలి ఎక్కువా?"

"చలికాలంలోనట."

అక్క లేచింది. బీరువా పై అరలోంచి ఉన్ని స్వెటర్ తీసి, చెల్లి బట్టలన్నీ పైకెత్తి, బ్యాగు అడుగున పరిచింది.

"పది రోజులకి స్వెటర్ ఎందుకే? ఇది వానాకాలం."

"ఉండనీ."

చెల్లి అక్క మొహంలోకి చూసింది. మెడ చుట్టూ చేతులేసి, భుజం మీద తల దాచుకుంది.

"వెళ్తానక్కా."

"'వెళ్ళొస్తా' అను."

"వెళ్ళొస్తా."

"గొడుగు కూడా పట్టుకెళ్ళు. నా షాపుకి మెట్లు దిగితే చాలు, నేను తడవను."

చలి మొదలయ్యాక పెళ్ళి ఫోటో వచ్చింది. చీర మీద ఆ స్వెటర్ వేసుకుని చెల్లి పళ్ళన్నీ కనిపించేలా నవ్వుతోంది. పక్కన సుమారు, అతని పక్కన వాళ్ళమ్మ. అక్క ఆ ఫోటో షాపులో అందరికీ చూపించింది.

ఆ గదికి చెల్లి తిరిగి రాలేదు. వెళ్ళింది వానలు మొదలైన వారంలో, ఒక బుధవారం పొద్దున.