బెంచీ చెక్క గేటు

“అయ్యో! తాతయ్యా, గేటుకి బూజు పట్టింది!”

హదస్సా చినుకుల్లోనే వాకిట్లోకి పరుగెత్తింది. నిన్న సాయంత్రం తళతళలాడిన చెక్క గేటు రాత్రి వానకు తెల్లగా, మచ్చలు మచ్చలుగా పాలిపోయింది.

చర్చిలో పాత బెంచీలు తీసేసినప్పుడు ఆ చెక్కతో ప్రభుదాస్ తాతయ్య చేసిన గేటు అది. అందులో నానమ్మ ఎప్పుడూ కూర్చునే బెంచీ కూడా ఉంది. ఇప్పుడు నానమ్మ లేదు. గేటు ఉంది.

నాన్న నిట్టూర్చాడు. “అందుకే ఇనప గేటు పెట్టిద్దామన్నాను. సెలవులు అయ్యాక కొలతలకి మనిషి వస్తాడు.”

“వద్దు నాన్నా! అప్పటికి నేను బాగుచేస్తా. ఒక్క ఛాన్స్ ఇవ్వు!”

“సరే, చూద్దాం.”

తాతయ్య మచ్చ మీద వేలితో రుద్ది చూశాడు. “ఏం పూశావే?”

“చర్చి బెంచీలకి వేసిన పాలిషే. డబ్బాలో మిగిలిందిగా. ఇదీ బెంచీ చెక్కే కదా!”

తాతయ్యకు నవ్వాగలేదు. “బెంచీ చెక్కే. మరి చర్చిలో దీని మీద వానెప్పుడు పడిందే తల్లీ?”

ఆ సంగతి హదస్సాకు తట్టనే లేదు. పైగా లోపలి వైపు ఎవరు చూస్తార్లే అని, వీధి వైపు మాత్రమే పూసింది. సిగ్గేసింది.

ఇక ఉడుంపట్టు పట్టింది. వాన వెలిశాక సాండ్‌పేపర్ తీసుకుని గీకుతూ కూర్చుంది. వేళ్లు ఎర్రబడ్డాయి. స్నేహితులు ఆటకు పిలిచినా లేవలేదు. ఎండ బాగా కాసి చెక్క ఆరాక, నాన్నను వెంటబెట్టుకుని పెయింట్ల షాపుకు వెళ్లింది.

షాపు నడిపే సదాశివ ఒక డబ్బా చూపించాడు. “ఇది కొట్టు పాపా. అద్దం లెక్క మెరుస్తది.”

“మెరుపు సంగతి తర్వాత అంకుల్. ఎండకీ వానకీ ఆగుతుందా?”

“బయట గేటుకా? గట్లయితే ఇది కాదు. ఇగో, ఇది తీస్కపో. మెరుపు జెర తక్కువుంటది గానీ, నీళ్లు లోపలికి పోనియ్యది.”

ఇంటికి రాగానే నాన్న బ్రష్ అందుకున్నాడు. “కానిద్దామా?”

“ఆగు నాన్నా!”

హదస్సా ముందు ఒక మిగులు చెక్కముక్కకు పూసింది. అది పూర్తిగా ఆరాక కుళాయి కింద పెట్టింది. నీళ్లు చుక్కలు చుక్కలుగా జారిపోయాయి. మర్నాటికి కూడా తెల్లమచ్చ రాలేదు.

అప్పుడు గేటు ఊడదీయించి, రెండు వైపులా పూసింది. అది ఆరాక గేటును గోడకు ఆనించి నిలబెట్టించి, కింద నేల వైపుండే అంచు మీద బ్రష్ పెట్టింది.

“అక్కడెవరు చూస్తారే?” అన్నాడు నాన్న.

“వాన చూస్తుంది నాన్నా!”

నాన్న ఫోన్ తీసి, ఇనప గేటు కొలతలకు రావద్దని చెప్పాడు. హదస్సా తలెత్తకుండా బ్రష్ మళ్లీ డబ్బాలో ముంచింది.