ఖాళీ షీట్ మీద సంతకం

"ఆగు, ఘనీ!"

ఎల్లారెడ్డి బస్టాండ్. మధ్యాహ్నం రెండు.

నాగిరెడ్డిపేట బస్సు కదులుతోంది. ల్యాబ్ టెక్నీషియన్ ఘనీ పరుగెత్తి ఎక్కేస్తాడు.

అదే ల్యాబ్‌లో పనిచేసే సింధూజ స్కూటీని బస్సుకు అడ్డంగా పెట్టేస్తుంది!

"సచ్చెటందుకు నా బస్సే దొరికిందా?" డ్రైవర్ అరుస్తాడు.

ఆమె వినదు. ఘనీ కాలర్ పట్టి కిందికి లాగుతుంది.

అక్కడ కామారెడ్డి హాస్పిటల్లో ఆమె బాపు ఆపరేషన్ టేబుల్ మీద ఉన్నాడు. ఆయన గుండె నాళంలో వేయబోయేది వీళ్ల ల్యాబ్ తయారుచేసిన ట్రయల్ స్టెంట్, నాళాన్ని తెరిచి ఉంచే సన్నని జాలీ గొట్టం. దాని మీద వెంట్రుక కన్నా వందల రెట్లు సన్నని పోగుల పూత. పోగుల్లో మందు. నెలల తరబడి కొద్దికొద్దిగా వదులుతూ, నాళం మళ్లీ పూడకుండా కాస్తుంది.

కానీ ఆ బ్యాచ్ దొంగది!

దాని తయారీ షీట్ మీద తేదీ... వరద వచ్చిన రోజు. ఆ రోజు ల్యాబ్‌లో కరెంటే లేదు. ఇరవై వేల వోల్టులు లేనిదే మెషిన్ ఒక్క పోగూ తీయదు.

కింద సంతకం ఘనీది.

అది చూడగానే ల్యాబ్ ఓనర్ శైలేందర్‌కి ఫోన్ చేసింది. ఏటా తను రాఖీ కట్టే అన్న.

"ఆపరేషన్ నేను ఆపిస్త చెల్లె. ఘనీ ఎల్లారెడ్డిల ఉన్నడు. నువ్వు వాణ్ని పట్టు!"

పట్టుకుంది.

"ఎందుకు చేసినవ్?"

"నేనేం చేసిన అక్కా? ఒకటో తారీఖు రాంగనే నెల మొత్తానికి ఖాళీ షీట్ల మీద సంతకాలు పెడ్తం గదా! నువ్వు గూడ పెడ్తవ్!"

నిజమే.

"రిజెక్ట్ డబ్బా శైలేందరన్ననే తీసిండు. పూత ఊడేటియి... కొత్త కవర్లల్ల పెట్టిండు. టెస్టింగ్‌కు అన్నడు. ఇందాక ఫోన్ చేసి, పోలీసులొస్తున్నరు, ఉరుకు అన్నడు!"

పూత ఊడితే... ఆ ముక్క గుండెలోనే అడ్డం పడుతుంది!

అందుకేనా అన్న తనను ఇంత దూరం పంపింది?

బాపు అడ్మిషన్ కాగితం మీది నంబర్ కొడుతుంది.

రింగ్... రింగ్...

"క్యాత్ ల్యాబ్, గుండె ఆపరేషన్ల గది. నర్స్ సలోమిని."

"పర్శరాములు బిడ్డను! స్టెంట్ ఏసిండ్రా?"

"ఇప్పుడే వేస్తున్నారమ్మా. మీ శైలేందర్ సార్ ఇక్కడే ఉన్నారు. అంతా ఓకే అన్నారు."

ఓకే అన్నాడు!

"స్పీకర్ పెట్టు సిస్టర్! డాక్టర్ సాబ్, ఆపుండ్రి! అది రిజెక్ట్ మాల్!"

ట్రేలో ఏదో పడిన చప్పుడు.

"వెయ్యట్లేదు," డాక్టర్ గొంతు.

వెంటనే శైలేందర్. "గదంతా ఘనీ గాడి పని సార్! చెల్లె, నువ్వు ఫోన్ పెట్టెయ్. ట్రయల్ ఆగితే అందరం మునుగుతం!"

ఇంతలో బాపు నీరసమైన గొంతు. మత్తు లేదు ఆయనకు. అన్నీ వింటూనే ఉన్నాడు.

"బిడ్డా... నన్ను సంపెటందుకు సూసిందెవరే?"

సింధూజ ఫోన్‌లోకి అరుస్తుంది.

"మన శైలేందరన్న, బాపూ! శైలేందరన్న!"